హెడ్డు పోలేదు, మూత పోయింది

ఇంక్‌జెట్ ప్రింటర్ల రిపేరులో "హెడ్డు పోయింది సార్" అన్నంత సుఖమైన మాట ఇంకోటి లేదు. చెప్పేవాడికి సుఖం అన్నమాట, వినేవాడికి కాదు. జ్వరమని వచ్చిన ప్రతివాడికీ "వైరల్" అని చెప్పి పంపేసినట్టు, గీతలు పడినా హెడ్డే, ఒక రంగు రాకపోయినా హెడ్డే, తెల్ల కాగితం తెల్లగానే బయటికొచ్చినా హెడ్డే. ఆ మాట పడ్డాక ఇక ప్రశ్నలుండవు. కొత్త హెడ్డు ధర చెప్తారు. లేబరు కలిపితే అది ప్రింటరు ధరలో సగం దాటుతుంది. "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అని మన బదులు వాళ్ళే ఆలోచించి పెడతారు. మనం కొత్తది కొంటాం, పాతది అటకెక్కుతుంది.

నేను పొట్టకూటికి సాఫ్ట్‌వేరు రాస్తాను. తప్పెక్కడుందో తేల్చకుండా ఏదో ఒకటి మార్చేసి "ఇప్పుడు చూడండి" అనడం మా పనిలో తిట్టు కింద లెక్క (చెయ్యరని కాదు, చేస్తే తిడతారని). అందుకే ఈ తీర్పు మీద నాకు మొదట్నుంచీ అనుమానం. ఇంట్లోవీ, చుట్టాలవీ, ఆఫీసులో తెలిసినవాళ్ళవీ కలిపి ఓ పదిహేను ప్రింటర్లు విప్పి చూసుంటాను. వాటిలో హెడ్డు నిజంగా చచ్చిపోయినవి రెండు. మిగతావాటిలో జబ్బు ఇంకెక్కడో ఉంది.

అన్నట్టు, హెడ్డుని "ముద్రణ శిరస్సు" అనీ, నాజిల్‌ని "సూక్ష్మ రంధ్రిక" అనీ రాయాలని నాతో పోట్లాడే మిత్రులున్నారు. వాళ్ళకో దండం. జెరాక్సు షాపులో ఎవరూ అనని మాట నేనిక్కడ వాడను.

సరే, అసలు ఈ హెడ్డేంటో ముందు చూద్దాం. ఇంకుని సన్నటి కన్నంలోంచి చుక్కలు చుక్కలుగా కాగితం మీదికి విసరాలి, అంతే దాని పని. విసరడానికి రెండు దారులున్నాయి. ఒకటి వేడి. 1977లో కానన్ కంపెనీ పరిశోధకుడు ఇచిరో ఎండో పనిచేసుకుంటుంటే, వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ ఇంకున్న సిరంజి సూదికి తగిలి ఇంకు చివ్వున చిమ్మిందట. అదే మూలం. దాదాపు అదే కాలంలో అమెరికాలో హెచ్‌పీలో జాన్ వాట్ అనే ఆయనకీ ఇదే ఆలోచన వచ్చింది, కాఫీ పర్కొలేటర్ చూసి అని చెప్తారు. కన్నం వెనకాల ఒక బుల్లి హీటరు, అది సెకనులో లక్షల వంతుల్లో 300 డిగ్రీల దాకా కాగుతుంది, ఇంకులో బుడగ పుడుతుంది, ఆ బుడగ చుక్కని బయటికి తోస్తుంది. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్ ఇలాగే వచ్చింది. దానికి 12 నాజిల్సు. ఇప్పటివాటికి వందల్లో ఉంటాయి.

రెండోది ఎప్సన్ వాళ్ళు పట్టుకున్న దారి. వేడి ఉండదు. కరెంటిస్తే కొద్దిగా ఆకారం మారే పదార్థం ఒకటుంది, పీజో అంటారు. అది వంగి ఇంకుని నొక్కుతుంది, చుక్క బయటపడుతుంది. హీటరు కాలిపోవడమనే గొడవ లేదు కాబట్టి హెడ్డుకి ఆయుష్షెక్కువ. అందుకే దాన్ని ప్రింటరుకే బిగించేస్తారు. థర్మల్ వాటిలో చాలా మోడళ్ళకి హెడ్డు కార్ట్రిడ్జ్‌తోనే వస్తుంది, కార్ట్రిడ్జ్ పారేస్తే హెడ్డూ పోయినట్టే. మన జెరాక్సు షాపుల్లో సిరంజితో రీఫిల్ చేయించుకునే హెచ్‌పీ 802లు అవే. వాటికి అడుగున రాగి రంగు పట్టీ, కింద సన్నటి నాజిల్ పలక కనిపిస్తాయి. అవి ఎండిపోతే గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన టిష్యూ మీద నాజిల్ వైపు పెట్టి పది నిమిషాలుంచి, ఒత్తి తుడిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటాయి. లేవకపోతే కొత్త కార్ట్రిడ్జ్. ఇక్కడ పెద్ద విషాదమేమీ లేదు.

విషాదమంతా బిగించిన హెడ్డుతో. అందులోనూ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లతో. 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత మన దేశంలోనూ బాగా నాటుకుంది, కానన్, హెచ్‌పీ కూడా తెచ్చాయి. కలర్ పేజీ పైసల్లోకి దిగడంతో మండల కేంద్రాల్లో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఉండే షాపుల్లోకి ఇవి చేరిపోయాయి. అలాంటి షాపు ఒకటి మా పెద్దమ్మగారి అబ్బాయిది, కైకలూరు దగ్గర. ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, పాసు ఫోటోలు, ల్యామినేషను. ప్రింటరూ, కెమెరా, పాత కంప్యూటరూ కలిపి షాపు ఆస్తి మొత్తం ఒక బైకు ఖరీదు చెయ్యదు. ఆ ప్రింటరు ఆగితే ఆ పూట కిరాణాకి వెతుక్కోవాలి.

పోయినేడాది పరీక్షల సీజనులో అన్నయ్య ఫోను. "ఒరేయ్ తమ్ముడూ, ఫోటోల్లో మొహాలన్నీ పసరు రంగులో వస్తున్నాయిరా, జనం నవ్వుతున్నారు" అన్నాడు. పసరు రంగు అనగానే సగం అర్థమవుతుంది. ఎరుపు వైపుండే మెజెంటా రాకపోతే మిగిలేది నీలం, పసుపు. ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చే. అప్పటికే తను ఆరుసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టాడు. తర్వాత పట్నంలో సర్వీసు సెంటరుకి మోసుకెళ్ళాడు. వాళ్ళు ఓ ప్రింటు తీసి, చూసి, హెడ్డు పోయింది, ఏడున్నర వేలు ప్లస్ లేబరు అన్నారు. కవరు తీసి చూడలేదట. ప్రింటరు కొన్నది పదమూడు వేలకి, అదీ వాయిదాల మీద. ఇంకా రెండు వాయిదాలున్నాయి.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న మొదటి ముక్క. క్లీనింగ్ నొక్కే ముందు నాజిల్ చెక్ తీయండి. ఒకటి కాదు, వరసగా మూడు, మధ్యలో ఏమీ చెయ్యకుండా. ప్రతి ప్రింటరులోనూ ఉంటుంది ఇది, నాలుగు రంగుల్లో మెట్లు మెట్లుగా సన్నగీతలు వస్తాయి. ఒక్కో గీతా ఒక్కో నాజిల్ అనుకోండి. ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే రోగం దాదాపు తనే మాట్లాడుతుంది. ఖాళీలు మూడింట్లోనూ సరిగ్గా అవే చోట్ల ఉంటే ఆ నాజిల్సు ఎండి పూడిపోయాయి, లేదా చచ్చిపోయాయి. ఖాళీలు కాగితానికో చోట ఉంటే నాజిల్సు బాగానే ఉన్నాయి, వాటికి ఇంకు సరిగ్గా అందట్లేదు. పూడిన కన్నం పూటకోచోటికి మారదు కదా! మారేది గాలి. పీజో హెడ్డులో గాలిబుడగ చేరితే, నొక్కినప్పుడు ఆ గాలే నలుగుతుంది తప్ప ఇంకు కదలదు. సైకిల్ బ్రేకు లాగితే వైరు సాగి చక్రం ఆగనట్టు. పేజీ మొదట్లో బాగా వచ్చి కిందికెళ్ళేకొద్దీ రంగు పలచబడితే అది కూడా ఇంకు అందకపోవడమే, ట్యాంకు నుంచి వచ్చే ట్యూబుల్లో చూసుకోవాలి.

అన్నయ్య వాట్సాప్‌లో పంపిన మూడు కాగితాల్లో మెజెంటా ఖాళీలు మూడు చోట్ల ఉన్నాయి. నలుపులో కూడా అక్కడక్కడా. ఇంకోమాట అడిగాను, క్లీనింగ్ చేసిన వెంటనే బాగుందా, పాడైందా అని. "చేసిన ప్రతిసారీ ఇంకా పాడవుతోందిరా. పొద్దున్నే షాపు తెరిచి తీస్తే మాత్రం కొంచెం నయంగా వస్తోంది" అన్నాడు. ఈ ఒక్క వాక్యం సర్వీసు సెంటరువాళ్ళు అడిగి ఉంటే ఏడున్నర వేల మాట వచ్చేది కాదు. మందు వేస్తే రోగం పెరుగుతోందంటే మందు ఇచ్చే గొట్టంలో తేడా ఉందన్నమాట.

హెడ్ క్లీనింగ్ అంటే లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలీదు. ఏదో బ్రష్షు పెట్టి తోముతుందనుకుంటారు. అలాంటిదేం లేదు. పని లేనప్పుడు హెడ్డు కుడిపక్కకి వెళ్ళి ఒక చిన్న రబ్బరు మూత మీద కూర్చుంటుంది (చాలావాటిలో కుడిపక్కే). ఆ మూత రెండు పనులు చేస్తుంది. ఒకటి, నాజిల్సు ఎండకుండా గాలి తగలనివ్వదు. రెండు, క్లీనింగ్ అప్పుడు ఆ మూత కింద ఉన్న పంపు పీలుస్తుంది, హెడ్డులోంచి ఇంకు బయటికి లాగబడుతుంది, దాంతోపాటు చెత్తా గాలీ పోతాయి. తర్వాత ఒక రబ్బరు బద్ద వచ్చి కింద తుడిచేస్తుంది. కాబట్టి ఆ మూత అంచు హెడ్డుకి గట్టిగా అతుక్కోవాలి. అతుక్కోకపోతే? స్ట్రాకి చిల్లుంటే కొబ్బరిబోండాం తాగినట్టే. పంపు పీల్చేది ఇంకుని కాదు, బయటి గాలిని. నాజిల్సులో ఉన్న కాస్త ఇంకూ చెదిరి అక్కడ గాలి చేరుతుంది. క్లీనింగ్ చేసినకొద్దీ పాడవడమంటే ఇదే. రాత్రంతా వదిలేస్తే బుడగలు కొంత సర్దుకుంటాయి, పొద్దున్న నయంగా కనిపిస్తుంది.

శనివారం వెళ్ళాను. ప్రింటు ఇచ్చి హెడ్డు మధ్యలో ఉండగా ప్లగ్గు లాగేస్తే హెడ్డుని చేత్తో పక్కకి జరపొచ్చు, మూత కనిపిస్తుంది. (ఇది పరీక్ష కోసం మాత్రమే, రోజూ చెయ్యాల్సిన పని కాదు.) టార్చి వేసి చూస్తే మూత అంచు చుట్టూ ఎండిన ఇంకు, దాని మీద కాగితం పొడి కలిసి అట్టు కట్టినట్టుంది. ఒక మూల ఏదో దారప్పోగు. అందులో సిరంజితో నాలుగు చుక్కల నీళ్ళు వేశాం. ప్లగ్గు పెట్టి ఒక్కసారి క్లీనింగ్ ఇచ్చి మళ్ళీ తీసి చూస్తే నీళ్ళు సగం అలాగే ఉన్నాయి. పంపు బాగుంటే మొత్తం మింగేయాలి. అంటే అంచూ సరిగ్గా లేదు, కింది గొట్టమూ సగం పూడింది. హెడ్డు మీద చెయ్యి కూడా వెయ్యకుండానే ముద్దాయి దొరికాడు.

శుభ్రం చెయ్యడానికి కావలసింది దూది పుల్లలూ, డిస్టిల్డ్ వాటరూ. డిస్టిల్డ్ వాటరంటే బ్యాటరీ షాపులో ఇన్వర్టరుకి పోసే నీళ్ళే, లీటరు ఓ ఇరవై ముప్ఫై రూపాయలు. బ్యాటరీ యాసిడ్ కాదు, అడిగేటప్పుడు జాగ్రత్త. కుళాయి నీళ్ళు వద్దు, మన బోరు నీళ్ళలో ఉప్పు నాజిల్సులోనే పేరుకుంటుంది. స్పిరిటు, శానిటైజరు, థిన్నరు అసలే వద్దు, వాటితో రబ్బరూ లోపలి జిగురూ పాడవుతాయి. అంచు మీది అట్టుని నానబెట్టి నానబెట్టి పుల్లతో తీశాం, తుడిచే రబ్బరు బద్ద కూడా తుడిచాం, మూతలోకి గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పోసి పంపు చేత తాగించాం. ఓ గంటన్నర పట్టింది. పెద్దమ్మ రెండుసార్లు టీ పంపింది. తర్వాత ఒకే ఒక్క క్లీనింగ్, రాత్రంతా విశ్రాంతి. ఆదివారం పొద్దున్న నాజిల్ చెక్‌లో మెజెంటా నిండుగా వచ్చింది. నలుపులో రెండు గీతలు మాత్రం ఇప్పటికీ లేవు, ఫోటోల్లో తెలీదు.

హెడ్డు నిజంగా పోదా అంటే పోతుంది. థర్మల్ హెడ్డుని ఇంకు లేకుండా నడిపిస్తే చల్లబరిచేది లేక హీటర్లు కాలిపోతాయి. పీజో హెడ్డుకి పెద్ద గండం మనమే. యూట్యూబు చూసి పైనుంచి సిరంజితో బలంగా నీళ్ళు కొడతారు, అవి పక్కనే ఉన్న రిబ్బన్ కేబులు కనెక్టరులోకి దిగుతాయి, ప్లగ్గు పెట్టగానే షార్టయి హెడ్డూ పోతుంది, ఒక్కోసారి బోర్డు కూడా. నేను చూసిన రెండింట్లో ఒకటి ఇలాగే పోయింది, యజమాని గారి ఇంజనీరింగు అబ్బాయి చలవ :-)

మూత అలా ఎందుకైందో కూడా చెప్పాలి, ఇది మన దేశపు జబ్బు. ప్రింటరు మీది బటన్ నొక్కి ఆపితే హెడ్డు బుద్ధిగా వెళ్ళి మూత మీద కూర్చుని అప్పుడు నిద్రపోతుంది. గోడ మీద స్విచ్చి కట్టేస్తేనో, ప్రింటు మధ్యలో కరెంటు పోతేనో హెడ్డు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. నాజిల్సు ఎండుతాయి, ఇటు మూతలో ఉన్న ఇంకూ ఎండుతుంది. అన్నయ్య షాపులో రాత్రి కుర్రాడు మెయిన్ ఒక్కటి దించేసి షట్టరు లాగేసేవాడు. ఎండాకాలం కోతలు సరేసరి. ఇప్పుడు షట్టరు లోపలివైపు "ముందు ప్రింటరు బటన్, తర్వాత మెయిన్" అని ల్యామినేషను చేసి అంటించాడు. వాడకం తక్కువున్న ఇళ్ళలో ఇంకో సమస్య, నెలల తరబడి వాడకపోవడం. మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఒక చిన్న స్క్రిప్టు నాలుగు రంగుల పట్టీలు ప్రింటు చేస్తుంది. ఆ కాగితం వెనక మా ఆవిడ సరుకుల చీటీ రాస్తుంది.

ఇక నా అసలు కోపం దగ్గరికి వస్తాను. క్లీనింగులో పీల్చిన ఇంకు ఎక్కడికెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ప్రింటరు అడుగున ఒక దళసరి గుడ్డలాంటి ప్యాడ్ ఉంటుంది, అందులోకి. అది ఎంత నిండిందో ప్రింటరు లెక్క పెడుతుంది. గమనించండి, కొలవదు, లెక్క పెడుతుంది. ఇన్ని క్లీనింగులకి ఇంత ఇంకు అని ఒక కౌంటరు పెంచుకుంటూ పోతుంది. ఆ అంకె గీత దాటగానే లైట్లు మిణుకుమిణుకుమంటాయి, కానన్ అయితే 5బీ00 లాంటి ఎర్రర్ ఇస్తుంది, ఇక కాగితం ముట్టుకోదు. హెడ్డు బాగుంటుంది, ఇంకుంటుంది, మోటార్లు బాగుంటాయి. ఒక అంకె బాగాలేదు, అంతే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఏ తేడా వచ్చినా ప్రింటరు మనకిచ్చే మందు ఒక్కటే, హెడ్ క్లీనింగ్. అది నొక్కిన ప్రతిసారీ మన ఇంకు ఖర్చవుతుంది, ఆ కౌంటరు కూడా ముందుకి జరుగుతుంది. మూత పాడైన ప్రింటరులో ఆ మందు పనిచెయ్యదు, కానీ లెక్కలో మాత్రం పడుతుంది. పీల్చింది ఇంకో గాలో దానికి తెలీదుగా! ఆరుసార్లు ఉత్తినే నొక్కిన అన్నయ్య తన ప్రింటరు ఆయుష్షు ఆరు మెట్లు దించుకున్నాడు, తనకి ఎవరూ చెప్పలేదు. ఆ కౌంటరు ఎంతలో ఉందో చూపించే తెర కూడా ప్రింటరులో లేదు, సర్వీసువాళ్ళ సాఫ్ట్‌వేరులోనే కనిపిస్తుంది. నా వస్తువు గురించిన అంకె నాకు తప్ప అందరికీ తెలియడం నా మట్టుకు నాకు దొంగలెక్కలాగే అనిపిస్తుంది.

కంపెనీల వైపూ ఒక న్యాయముంది. ప్యాడ్ నిజంగా నిండి పొర్లితే ఇంకు టేబులు మీదికొస్తుంది, కరెంటు భాగాల మీద పడొచ్చు. ఆపాల్సిందే. కానీ ఆపి, "నాలుగు స్క్రూలు తీసి ఈ ప్యాడ్ మార్చుకోండి, తర్వాత ఈ బటన్ నొక్కండి" అనొచ్చుగా? కొత్త మోడళ్ళలో కొన్నిటికి మెయింటెనెన్స్ బాక్స్ అని వెనకనుంచి లాగి మార్చుకునేది పెట్టారు. అంటే చెయ్యడం వచ్చు. 2017లో ఫ్రాన్సులో హాప్ అనే వినియోగదారుల సంఘం ప్రింటరు కంపెనీల మీద ఫిర్యాదు చేసింది, ఆ డిసెంబరులో ఎప్సన్ మీద దర్యాప్తు మొదలైంది. కావాలని వస్తువు ఆయుష్షు తగ్గించడం అక్కడ 2015 నుంచి నేరం, రెండేళ్ళ జైలు, మూడు లక్షల యూరోల జరిమానా దాకా ఉంది. ఎప్సన్ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. మన దగ్గర 2022 జులైలో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మంచిదే. దాని సంగతి కైకలూరులో ఎవరికీ తెలీదు.

మా వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రిచర్డ్ స్టాల్‌మన్‌కి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆలోచన రావడానికి కారణాల్లో ఒకటి కూడా ప్రింటరే. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబుకొచ్చిన జెరాక్స్ లేజరు ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ తెలిసేలా మార్చుకుందామంటే దాని సోర్సు కోడు ఇవ్వలేదు. ఆయన అడిగింది యంత్రం లోపలి సంగతి యజమానికి తెలియాలనే. నలభై ఏళ్ళు దాటాయి.

అన్నయ్య ప్రింటరు కౌంటరు అక్టోబరులో నిండింది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రాడు ల్యాప్‌టాపు తగిలించి మూడొందలకి సున్నా చేశాడు. చాలా షాపుల్లో అక్కడితో ఆపేస్తారు, ప్యాడ్ మాత్రం అలాగే నానుతూ ఉంటుంది, తర్వాత అడుగునుంచి నల్లగా కారుతుంది. ఇతను ప్యాడ్ తీసి చూపించాడట. మూడొంతులు కూడా తడవలేదు. దాన్నే కడిగి, రెండు రోజులు మేడ మీద ఎండబెట్టి, మళ్ళీ పెట్టారు.